బోస్టన్‌లో బరోక్ కచేరీల సీజన్ టికెట్ కొనాలా? పోయినసారి నాకేమీ వినపడలేదు

కొబ్బరాకు
ముందు నా గోడు వినండి. వేరే రాష్ట్రంలో ఉండగా ఆఫీసులో ఒకాయన మాట పట్టుకుని బరోక్ సంగీతం (సుమారు 1600-1750 నాటి యూరప్ సంగీతం) సీజన్ టికెట్లు కొన్నాం, నాకూ మా ఆవిడకూ. అదొక పేద్ద ఆడిటోరియం. మా సీట్లు పై బాల్కనీలో, వెనక గోడకి దగ్గర. స్టేజి మీద పాతికమంది కూడా లేరు. హార్ప్‌సికార్డ్ అనే పియానో లాంటి పెట్టె ముందు కూర్చున్నాయన వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం మా దాకా రాలేదు. పక్కనే వీణ కన్నా పొడుగు మెడ ఉన్న వాయిద్యం ఒకటి, అదీ అంతే, మూకాభినయం. మైకు లేదు. ప్రతి అంశానికీ మధ్య ఆగి శ్రుతులు చేసుకోవడం ఒకటి. ఇంటర్వెల్‌లో మా ఆవిడ "దీనికి ఇంట్లో యూట్యూబ్ చాలదా" అంది. మిగతా కచేరీల టికెట్లు ఎవరికో ఇచ్చేశాం.

ఇప్పుడు ఉద్యోగం మారి బోస్టన్ వచ్చాం. ఇక్కడ ఆఫీసులో ఇంకొకావిడ కొత్త సీజన్ కరపత్రం చేతిలో పెట్టి, అమెరికాలో ఈ సంగీతానికి బోస్టనే పుట్టిల్లు, కళ్ళు మూసుకుని కొనెయ్ అంటోంది. ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే నిజంగా ప్రాణం లేచొస్తుంది, అందుకే వదలబుద్ధి కావడం లేదు. మనవాళ్ళలో ఎవరైనా వెళ్తుంటారా? మళ్ళీ డబ్బులు దండగేనా?

రెడ్‌లైన్_రావుడు
వినపడని కచేరీకి రెండు టికెట్లు. మీ ఇద్దరి మధ్యా ఆ సాయంత్రం ఎలాగూ మాటలుండవు కాబట్టి ప్రశాంతంగా గడిచుంటుంది.

గోదారి_గట్టు
కొబ్బరాకు గారూ, తప్పు సంగీతానిది కాదు, వాయించినవాళ్ళదీ కాదు. హాలుది. నేను ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా వెళ్తున్నాను. నా లెక్కలో ముందు హాలు, తర్వాత బృందం, ఆ తర్వాతే ఏం వాయిస్తున్నారన్నది.

ఈ సంగీతం పుట్టింది రాజుల ఇళ్ళల్లో, చర్చిల్లో, చిన్న నాటకశాలల్లో. వయొలిన్‌కి ఉక్కు తీగ కాదు, గొర్రె పేగుతో చేసిన తీగ. ఫ్లూట్ వెండిది కాదు, చెక్కది. హార్ప్‌సికార్డ్‌లో పియానోలా సుత్తి కొట్టదు, ఒక చిన్న ముల్లు తీగని మీటుతుంది. వేలు ఎంత గట్టిగా నొక్కినా అంతే మోగుతుంది. వీటిని తీసుకెళ్ళి రెండు మూడు వేలమంది పట్టే చోట పెడితే మీ అనుభవమే ఎవరికైనా.

బోస్టన్‌లో చూడాల్సిన చోట్లు చెప్తాను. న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలో జోర్డన్ హాల్, 1903లో కట్టింది, సుమారు వెయ్యి సీట్లు, లోపలంతా చెక్క. అందులో పేగు తీగ మీద కమాను ఆనిన గరగర కూడా తెలుస్తుంది. రెండోది కేంబ్రిడ్జ్‌లో ఫస్ట్ చర్చి. మూడోది హార్వర్డ్ స్క్వేర్ దగ్గర సెయింట్ పాల్ చర్చి, అది గొంతులకి. బోస్టన్ ఎర్లీ మ్యూజిక్ ఫెస్టివల్ వాళ్ళ సీజన్ కచేరీలు ఎక్కువగా ఈ మూడింట్లోనే జరుగుతాయి. ఆ సంస్థ 1980లో మొదలైంది. దాన్ని నడిపే ఇద్దరు, పాల్ ఓడెట్, స్టీఫెన్ స్టబ్స్, ఇద్దరూ మీరు చూసిన ఆ పొడుగు మెడ వాయిద్యం వాయించేవాళ్ళే. దాని పేరు థియోర్బో.

ఇక సీజన్ టికెట్ అంటారా, మొదటి ఏడాది వద్దు. విడివిడిగా కొనండి.

సన్నాయి_నొక్కు
అంటే వాయిద్యం వినపడకపోతే హాలుదే తప్పు. బావుంది. 440 దగ్గర శ్రుతి చేసిన మామూలు ఆర్కెస్ట్రా కూడా బాఖ్ రాసిన బరోక్ సంగీతం వాయిస్తుంది, ఆఖరి వరసకీ వినిపిస్తుంది. మూడొందల ఏళ్ళ కిందటి లోపాల్ని పనిగట్టుకుని తిరిగి తెచ్చుకోవడం ఏం సరదా? లేదా ఒక మైకు పెట్టండి, పీడా పోతుంది.

వీణ_వదలను
సన్నాయి_నొక్కు గారూ, వీణకి కాంటాక్ట్ మైకు బిగించి పెట్టే కచేరీలు మీరు వినే ఉంటారు. గమకం లాగినప్పుడు చివర్లో సన్నగా తేలే నాదం పోయి ఏదో ఎలక్ట్రిక్ గిటారులా మోగుతుంది. ఇంట్లో నేలమీద కూర్చుని అదే వీణ వింటే వేరే వాయిద్యమా అనిపిస్తుంది. మైకుతో శబ్దం పెరుగుతుంది, దగ్గరితనం రాదు. నేను గోదారి_గట్టు గారి వైపే.

ఇంకొకటి. మొదటిసారి మాంటెవెర్డీ అనే పాతకాలపు ఇటలీ స్వరకర్త సంగీతం విన్నప్పుడు ఆగిన ప్రతిచోటా గాంధారం తంబురాలోంచి వచ్చినంత హాయిగా ఎందుకుందో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. పియానో శ్రుతిలో అంతర గాంధారం సహజ స్థానం కన్నా 14 సెంట్లు ఎక్కువ (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). ఆ కాలంవాళ్ళు హార్ప్‌సికార్డ్‌ని, ఆర్గన్‌ని గాంధారాలు శుద్ధంగా పలికేలా శ్రుతి చేసుకునేవారు. బదులుగా కొన్ని రాగాల... సారీ, కొన్ని కీలలోకి అసలు వెళ్ళేవారు కాదు, వెళ్తే తోడేలు అరిచినట్టుంటుంది. తోడేలు నా మాట కాదు, వాళ్ళు నిజంగానే ఆ స్వరాంతరానికి తోడేలని పేరు పెట్టారు. తంబురాకి అలవాటుపడ్డ చెవికి ఇది పండగ.

పిచ్చుక77
440, 415 అంటే ఏంటి? కరపత్రంలో కూడా ఉంది.

కీబోర్డు_కామాక్షి
ఇప్పుడు ఆర్కెస్ట్రాలు శ్రుతి చేసుకునే స్వరం సెకనుకి 440 కంపనాలు. బరోక్ బృందాలు ఎక్కువగా 415 పెట్టుకుంటాయి. మన లెక్కలో అర శ్రుతి కిందికి దిగినట్టు. ఫ్రెంచివాళ్ళ సంగీతానికి 392 కూడా వాడతారు, అంటే పూర్తిగా ఒక శ్రుతి కింద. నిజానికి ఆ రోజుల్లో ఊరికొక శ్రుతి ఉండేది. 415 అనేది ఇప్పటివాళ్ళు సౌకర్యానికి కుదుర్చుకున్న ఒప్పందం. గాయకుడిని బట్టి శ్రుతి మార్చుకునే మనకి ఇదేమంత వింత కాదు.

మాటిమాటికీ శ్రుతి చేసుకుంటున్నారని విసుక్కున్నారు కదా. పేగు తీగ గాల్లో తేమని పీల్చుకుంటుంది. బయట మంచు, లోపల హీటర్, ఆ పైన స్టేజి లైట్లు. అంశం పూర్తయ్యేలోపు శ్రుతి జారిపోతుంది. మీకు ఇంటర్వెల్ అంటే కాఫీ, పాపం హార్ప్‌సికార్డ్ ట్యూనర్‌కి ఉద్యోగం. ఈసారి కాఫీకి వెళ్ళకుండా కూర్చుని చూడండి. ఎడం చేత్తో ఒక మీట నొక్కుతూ కుడి చేత్తో చిన్న తాళంచెవి లాంటిదాన్ని మేకుకి తగిలించి వెంట్రుకవాసి తిప్పుతాడు. చుట్టూ జనం గోల. ఆ గోలలో చెవి పెట్టెకి ఆనించి ఒక్కో తీగా సరిచేస్తాడు. కచేరీ కన్నా అదే ఎక్కువ ఇష్టం నాకు.

కొబ్బరాకు
కామాక్షి గారూ, ఇది ఎవరూ చెప్పలేదు. మరి ఆ హార్ప్‌సికార్డ్ అంత మెల్లగా మోగితే అసలు అక్కడెందుకు?

కీబోర్డు_కామాక్షి
అది లేకపోతే మిగతాదంతా కూలుతుంది. అతని ముందున్న కాగితం మీద ఉండేది ఎడం చేతి స్వరాలు మాత్రమే, వాటి పక్కన అంకెలు. 6 అని, 7 అని, 4 పక్కన 3 అని. కుడి చెయ్యి ఏం వాయించాలో ఎవరూ రాసివ్వరు. ఆ అంకెలు చూసి అప్పటికప్పుడు తనే అల్లుకోవాలి. కింద చెల్లో, పక్కన థియోర్బో, ముగ్గురూ కలిసి పాడేవాళ్ళ ఊపిరిని పట్టుకుని వెళ్తారు. దీన్నే కంటిన్యువో అంటారు. పియానో పరీక్షలు అన్నీ పాసయ్యి వచ్చినదాన్ని, మొదటిసారి ఆ కాగితం ఇస్తే చేతులు వణికాయి. మనోధర్మం మనకే ఉందనుకుంటాం.

తనిఆవర్తనం
నేను మృదంగం. మా అబ్బాయి వయొలిన్ నేర్చుకుంటున్నాడని వాడి కోసం బాఖ్ రాసిన ఆరు బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టోల కచేరీకి వెళ్ళాను. ఐదో దాంట్లో అందరూ ఒక్కొక్కరే తగ్గిపోయి హార్ప్‌సికార్డ్ ఒక్కటే మిగులుతుంది. మూడు నిమిషాల పైనే. అచ్చం మన తనిలాగే మిగతా వాయిద్యకారులంతా కమానులు దించుకుని అతన్నే చూస్తూ కూర్చున్నారు. 1721లో బాఖ్ ఆ ఆరింటినీ ఒక దొరకి అంకితం పంపాడట. అప్పటిదాకా పక్కవాద్యంగా ఉన్న పెట్టెకి తని ఇచ్చిన మొనగాడు! నేను ఊరుకోలేక తొడ మీద తాళం వేశాను. పక్కావిడ చూసిన చూపు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది.

రెడ్‌లైన్_రావుడు
తొడ మీద వేశారు కాబట్టి బతికిపోయారు. ఫ్రాన్స్‌లో లూలీ అనే స్వరకర్త పెద్ద కర్రతో నేలని పొడుస్తూ తాళం వేస్తుంటే అది కాలి మీద పడి, పుండు ముదిరి 1687లో ఏకంగా పోయాడు.

తనిఆవర్తనం
నట్టువాంగం చేసేవాళ్ళంతా జాగ్రత్త.

మంచులో_మామిడి
స్టూడెంట్‌ని, నాకు సీజన్ టికెట్లూ అవీ కుదరవు. నా చిట్కా: న్యూబరీ స్ట్రీట్‌లో ఇమాన్యుయెల్ చర్చి. ఆదివారం పొద్దున ప్రార్థనలో భాగంగా బాఖ్ కాంటాటా (గొంతులు, వాయిద్యాలు కలిసిన చర్చి సంగీతం) ఒకటి, పూర్తి ఆర్కెస్ట్రాతో, సెప్టెంబర్ నుంచి మే దాకా దాదాపు ప్రతి వారం. 1970 నుంచి నడుస్తోంది. టికెట్ లేదు. పళ్ళెం తిప్పినప్పుడు మీకు తోచింది వెయ్యొచ్చు. బాఖ్ ఇవి రాసింది కూడా ఇలా ఆదివారం ప్రార్థన మధ్యలో పాడటానికే, కచేరీకి కాదు. దాదాపు 200 దాకా మిగిలాయి, కాబట్టి సరుకు అయిపోతుందన్న బెంగ లేదు.

పిచ్చుక77
ప్రార్థనకి వెళ్ళి కూర్చుంటే ఏమీ అనరా? మనం ఆ మతం కాదు కదా. అసలు ఈ సంగీతమంతా చర్చి పాటలేనా?

మంచులో_మామిడి
ఎవరూ ఏమీ అనరు. వాళ్ళు లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి. నాతోపాటు ల్యాబ్‌లో పనిచేసే చైనా అమ్మాయి, ఇరాన్ అబ్బాయి వస్తారు. త్యాగరాజ కీర్తన వినడానికి వచ్చే అమెరికన్‌ని మనం గోత్రం అడుగుతామా?

సన్నాయి_నొక్కు
కొందరు అడుగుతారు.

అత్తిలి_అబ్బాయి
లండన్ నుంచి. పిచ్చుక గారూ, అన్నీ చర్చి పాటలేం కావు. సగం ఒపెరాలే, అంటే రాజులు, ప్రేమలు, విషాలు, మారువేషాలు. హాండెల్ అనే స్వరకర్త ఒపెరా ఒకదాంట్లో రాజు చెట్టునీడని పొగుడుతూ మొదటి పాట పాడతాడు. అచ్చంగా చెట్టుకి ప్రేమగీతం. మనకి బాగా పనికొచ్చేది ఇంకోటి ఉంది: 1731లో ఇదే లండన్‌లో ఆయన ఆడించిన ఒపెరాకి నాయకుడు మన పురుషోత్తముడు! అలెగ్జాండర్‌తో పోరాడిన పోరస్. ఇటాలియన్‌లో పాడతాడనుకోండి, అది వేరే విషయం.

పిచ్చుక77
పురుషోత్తముడు ఇటాలియన్‌లోనా. చూడాల్సిందే. రామో అనే ఆయనది కూడా ఇండియా మీద ఒకటుంది కదా, "ఇండీస్" అని పేరులోనే ఉంది, 1735.

అత్తిలి_అబ్బాయి
పేరులోనే ఉంది, ఇండియా మాత్రం లేదు. టర్కీ, పెరూ, పర్షియా, ఉత్తర అమెరికా ఉన్నాయి. ఆ రోజుల్లో ఫ్రెంచివాడికి సముద్రం దాటితే అంతా ఇండీసే.

పోరస్ సంగతికొస్తే, ఆ పాత్ర పాడింది సెనెసీనో అనే కాస్ట్రాటో. చిన్నప్పుడే శస్త్రచికిత్స చేసి గొంతు మారకుండా ఆపేసిన గాయకుడు. వీరుడి పాత్రలన్నీ అలాంటి పై గొంతుకే రాసేవారు. ఇప్పుడు ఆ ఘోరం లేదు కాబట్టి ఆ పాత్రలు కౌంటర్‌టెనర్లు, అంటే పై గొంతుతో పాడే మగవాళ్ళు, పాడతారు, లేదా ఆడవాళ్ళు మగవేషం వేస్తారు.

కొబ్బరాకు
అదా! యూట్యూబ్‌లో ఒక గడ్డపాయన సన్నటి గొంతుతో పాడుతుంటే మా పిల్లాడు పడీపడీ నవ్వాడు. సౌండ్ వేరే వీడియోది తగిలిందనుకున్నాం.

గోదారి_గట్టు
మీ పిల్లాడికి స్థానం నరసింహారావు గారి రికార్డు వినిపించండి, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ వీడియో చూపించండి. మగవాడు ఆడగొంతుతో పాడితే, ఆడనడక నడిస్తే వీధులు వీధులు కదిలొచ్చిన జాతి మనది. మనకి నవ్వొచ్చే హక్కు లేదు. జోర్డన్ హాల్లో మంచి కౌంటర్‌టెనర్ పాడుతుంటే మొదటి నిమిషం వింతగా ఉంటుంది. రెండో నిమిషానికి గొంతు ఎవరిదన్నది మర్చిపోయి పాట వింటాం.

ఈ ఒపెరా పాటలకి ఒక పద్ధతి ఉంటుంది: పాట మొదటి భాగం, వేరే భావంతో రెండో భాగం, మళ్ళీ మొదటి భాగం. ఆ తిరిగొచ్చినప్పుడు చూడాలి. అవే మాటలు, అదే వరస, కానీ గాయకుడు సొంత సంగతులు వేస్తాడు. రాసింది రాసినట్టు రెండోసారి పాడితే ఆ కాలంలో ఈలలు వేసి దింపేసేవారేమో.

సన్నాయి_నొక్కు
సరే, ఒక ప్రశ్న. చిన్న హాలే అసలైనదంటున్నారు. మరి ఇదే బోస్టన్‌లో హాండెల్ అండ్ హైడన్ సొసైటీ ఏటా క్రిస్మస్ ముందు హాండెల్ రాసిన "మెసయ్య"ని సింఫనీ హాల్లో పెడుతుంది. 2,600 పైచిలుకు సీట్లు. ఎప్పుడూ కిటకిటే. ఆ సొసైటీ 1815 నాటిది, అమెరికాలో "మెసయ్య"ని మొదటిసారి పూర్తిగా వినిపించింది వాళ్ళే, 1818లో. 1854 నుంచి ఏటా పాడుతూనే ఉన్నారు. ఇదంతా తప్పా?

గోదారి_గట్టు
తప్పనలేదు. నేనూ వెళ్తాను. అయితే హాండెల్ దాన్ని మొదట వినిపించింది ఎక్కడ? 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో ఒక మ్యూజిక్ హాల్లో. ఎక్కువమంది పట్టాలని ఆడవాళ్ళని గాగ్రాల్లో ఉబ్బెత్తు చట్రాలు లేకుండా, మగవాళ్ళని కత్తుల్లేకుండా రమ్మని పేపర్లో వేశారు. అన్ని తిప్పలూ పడితే ఇరుక్కుని కూర్చున్నది 700 మంది. అప్పుల్లో పడి జైలుకెళ్ళినవాళ్ళకి ఆ డబ్బులో ఒక వాటా వెళ్ళింది, 142 మంది బయటికొచ్చారు.

సింఫనీ హాల్ మామూలు పెద్ద హాలు కాదు. 1900లో కట్టేముందు సాబిన్ అనే హార్వర్డ్ భౌతికశాస్త్రం అధ్యాపకుడు ధ్వని లెక్కలు వేసి ఇచ్చాడు. పైగా "మెసయ్య"లో కోరస్ ఉంది, ట్రంపెట్లు ఉన్నాయి, నగారాలు ఉన్నాయి. అది వెనక్కి వినపడుతుంది. అదే చోట ఒక్క థియోర్బోతో ఒక్క గొంతు పెట్టమనండి చూద్దాం.

సన్నాయి_నొక్కు
700 అన్నారు. 1784లో లండన్ వెస్ట్‌మినిస్టర్ అబీ చర్చిలో అదే సంగీతాన్ని 500 మందికి పైగా కలిసి వినిపించారు. వినేవాళ్ళు కాదు, పాడి వాయించినవాళ్ళు. హాండెల్ పోయి పాతికేళ్ళే అప్పటికి. అంటే పెద్దగా చెయ్యడం కూడా పాత సంప్రదాయమే. పేగు తీగలంటున్నారు కానీ ఆ హాండెల్ అండ్ హైడన్ సొసైటీ పాత వాయిద్యాలకి మారింది కూడా 1986లో హాగ్‌వుడ్ అనే కండక్టర్ వచ్చాకే. అంతకుముందు 170 ఏళ్ళు ఏం విన్నారు మీ పూర్వీకులు?

వీణ_వదలను
మా పూర్వీకులు తెనాలిలో ఉన్నారండీ.

గోదారి_గట్టు
😀 పాయింటు ఒప్పుకుంటాను. పెద్దది కూడా సంప్రదాయమే. నాకు చిన్నదే ఇష్టం, అంతవరకే. కానీ కొబ్బరాకు గారి సమస్య సంప్రదాయం కాదు, వినపడకపోవడం. దానికి మందు చిన్న హాలు.

పాత వాయిద్యాల విషయంలో ఈ ఊరికి ఇంకో గొప్ప కూడా ఉంది. 1949లో హబ్బర్డ్, డౌడ్ అనే ఇద్దరు ఇక్కడే ఒక షాపు పెట్టి, మ్యూజియాల్లో పడున్న పాత హార్ప్‌సికార్డ్‌లని కొలిచి అలాగే తయారు చెయ్యడం మొదలుపెట్టారు. 1973లో మార్టిన్ పెర్ల్‌మన్ మొదలుపెట్టిన బృందమే ఇప్పటి బోస్టన్ బరోక్. ఉత్తర అమెరికాలో స్థిరంగా నిలిచిన మొదటి పాత వాయిద్యాల ఆర్కెస్ట్రా అదే. మీ ఆఫీసావిడ పుట్టిల్లు అన్నది ఊరికే కాదు.

పిచ్చుక77
"మెసయ్య"లో హల్లెలూయా కోరస్ రాగానే అందరూ లేచి నిలబడతారట కదా, అప్పట్లో ఇంగ్లండ్ రాజుగారు లేచాడని. మనం కూడా లేవాలా?

అత్తిలి_అబ్బాయి
రాజు లేచాడన్నదానికి ఆ కాలపు ఆధారం ఏదీ దొరకలేదు. కానీ లేవకపోతే ముందువాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడవు. లేవండి.

తనిఆవర్తనం
మన వయొలిన్‌కీ దీనికీ చుట్టరికం ఉంది కదా, ఎవరూ ఎత్తలేదేం? బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల బ్యాండు వాయించే వయొలిన్ విని నేర్చుకున్నది 1800 ప్రాంతంలో. అప్పుడు ఆయన చేతికొచ్చింది పేగు తీగల వయొలినే కదా.

వీణ_వదలను
అవును, అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఆ బ్యాండు వరసలకే సంస్కృత సాహిత్యం కట్టారు, నోట్టుస్వరాలు. "సంతతం పాహిమాం" పాడితే ఇంగ్లీషువాళ్ళు లేచి నిలబడాలి, అది వాళ్ళ రాజగీతం వరస. మా గురువుగారు చిన్నపిల్లలకి గీతాలకన్నా ముందు ఇవే నేర్పేవారు.

ఇంకో తమాషా గమనించండి. బరోక్ వయొలిన్ వాళ్ళకి గడ్డం ఆనించుకునే చెక్క ఉండదు. అది 1820 ప్రాంతంలో వచ్చింది. అందుకే వాళ్ళు వయొలిన్‌ని భుజం మీద వదులుగా పెట్టుకుంటారు, కొందరు ఇంకా కిందికి, ఎదమీదికి దించుతారు. మనవాళ్ళు పాదం మీద ఆనించారు. గడ్డం కింద బిగించి పట్టాలన్న రూలు అప్పటికి ఎవరికీ లేదు.

తనిఆవర్తనం
మా అబ్బాయి టీచర్‌కి ఈ ముక్క చెప్పాలి. రోజూ "గడ్డం, గడ్డం" అని ప్రాణం తీస్తోంది.

కీబోర్డు_కామాక్షి
చెప్పకండి, వాడిది మామూలు వయొలిన్, గడ్డం పెట్టాల్సిందే.

మంచులో_మామిడి
గొంతుల కచేరీల గురించి ఎవరూ చెప్పట్లేదు. టాలిస్ స్కాలర్స్ అనే గాయక బృందం వాళ్ళు ఇంగ్లండ్ నుంచి ప్రతి డిసెంబర్‌లో సెయింట్ పాల్ చర్చికి వస్తారు. పదిమంది నిలబడి పాడతారు, వాయిద్యాలేవీ ఉండవు, మైకు మాటే లేదు. అది బరోక్ కన్నా పాతది. నాలుగైదు వరసలు ఒకదాని వెంట ఒకటి మొదలై అల్లుకుపోతుంటాయి. పక్క గొంతుతో కలిసిపోవడమే పని, ఎవరిదీ పైకి తేలదు. చర్చి గోడల మధ్య ఆఖరి స్వరం ఆగాక కూడా కాసేపు వినపడుతూనే ఉంటుంది. ఊరివాళ్ళలో అయితే బ్లూ హెరాన్ అనే గాయక బృందం ఉంది, 2018లో గ్రామఫోన్ పత్రిక ఇచ్చే అవార్డు కొట్టారు. ఎర్లీ మ్యూజిక్‌లో యూరప్ బయటివాళ్ళకి అది రావడం అదే మొదలు. కొబ్బరాకు గారి రోగానికి ఇది రామబాణం. వినపడకపోవడం అనే ప్రశ్నే రాదు.

సన్నాయి_నొక్కు
వినపడుతుంది, అర్థం కాదు. లాటిన్.

మంచులో_మామిడి
సంస్కృత కీర్తనలు మీకు ప్రతి పదమూ అర్థమయ్యే వింటున్నారా సార్?

రెడ్‌లైన్_రావుడు
సన్నాయి గారికి ఈ రోజు తెరిపి లేదు.

పిచ్చుక77
ఇంటర్వెల్‌లో సమోసాలు ఉంటాయా?

గోదారి_గట్టు
ఉండవు. ఒక్క బిస్కెట్టు, వైను. తినే వెళ్ళండి. ఇంకో రెండు మాటలు. కోటు జిప్పు ముందే తీసి కూర్చోండి, చిన్న హాల్లో మీకు వాళ్ళెంత బాగా వినపడతారో వాళ్ళకి మీరూ అంత బాగా వినపడతారు. ఒక అంశంలో మూడు నాలుగు భాగాలుంటాయి, మధ్యలో చప్పట్లు కొట్టకపోవడం ఇక్కడి అలవాటు. అనుమానమొస్తే పక్కవాళ్ళని చూసి కొట్టండి.

తనిఆవర్తనం
మనకి నచ్చినచోట "ఆహా" అనుకునే అలవాటు. అదొక్కటే నాకు కష్టం ఇక్కడ.

అత్తిలి_అబ్బాయి
ఆ కాలంలో జనం కూడా మధ్యలోనే అరిచేవారు, నచ్చిన పాట మళ్ళీ పాడించుకునేవారు. నోరు కట్టుకుని వినడం తర్వాత వచ్చిన మర్యాద. అసలైన పాత పద్ధతి అంటే మీదే తనిఆవర్తనం గారూ. తొడ మీద తాళం కొనసాగించండి.

కొబ్బరాకు
అందరికీ థాంక్స్. రాత్రి ఇంట్లో కూర్చుని చూశాం. సీజన్ టికెట్ తీసుకోవట్లేదు. జోర్డన్ హాల్లో ఆర్కెస్ట్రా కచేరీకి ఒకటీ, డిసెంబర్‌లో ఆ పదిమంది గొంతులకీ తీసుకున్నాం. మా ఆవిడకి "మెసయ్య" కావాలట, సన్నాయి_నొక్కు గారి ప్రచారం ఫలించింది. ఆదివారం న్యూబరీ స్ట్రీట్‌కి నేనొక్కణ్ణే వెళ్తాను, ఆవిడ నిద్ర లేవదు. సింఫనీ హాల్లో ఏ సీట్లు తీసుకోవాలో మాత్రం చెప్పండి, ఇంకో రెండు రోజులే చూస్తానంది.

సన్నాయి_నొక్కు
నేను ప్రచారం చెయ్యలేదు, వాదించాను. సీట్లు మాత్రం ఎక్కడైనా పర్లేదు, అదే నా వాదన.

గోదారి_గట్టు
బాల్కనీ వెనక భాగం మీకు వద్దు, గత అనుభవం చాలు. జోర్డన్ హాల్లో స్టేజికి ఎదురుగా మధ్యలో, ఓ పది వరసల వెనక. హార్ప్‌సికార్డ్ మూత తెరిచి పెట్టారా తీసేశారా చూసుకోండి. తెరిచి ఉంటే అది మీ వైపు తిరిగి ఉండాలి. సింఫనీ హాల్లో కింద నేల మీద మధ్య వరసలు. లేదంటే మొదటి బాల్కనీ ముందు వరస.

పిచ్చుక77
నేనూ డిసెంబర్ గొంతుల కచేరీకి కొన్నాను. బర్లింగ్టన్ వైపు నుంచి ఎవరైనా కార్లో వెళ్తున్నారా? హార్వర్డ్ స్క్వేర్‌లో పార్కింగ్ దొరకడం నా వల్ల కాదు.

వీణ_వదలను
లెక్సింగ్టన్‌లో ఉంటాను, వచ్చేయండి. కారు ఏల్‌వైఫ్ స్టేషన్లో పెట్టి అక్కణ్ణించి రెడ్ లైన్ రైల్లో పోదాం. వెనక సీట్లో తంబురా పెట్టె ఉంటుంది, సర్దుకోవాలి.

రెడ్‌లైన్_రావుడు
రెడ్ లైన్ ఆ రోజు నడిస్తే.